రెండో ఫోటాన్

దూలపల్లి పద్మలత పగ మరిచిపోయే మనిషి కాదు. మరిచిపొమ్మని బుద్ధి చెప్పినవాళ్ల మీద కూడా ఆమెకు కోపమే.

ఆమె పని గోడ లెక్క. సిరంజిలను గామా కిరణాలతో శుద్ధి చేసే షెడ్డు కట్టేముందు, కంప్యూటర్‌లో ఆ కిరణాలిచ్చే కోబాల్ట్ ఉన్నట్టు పెట్టి ఫోటాన్లను, అంటే కిరణాల రేణువులను, వదులుతారు. అవి గోడ దాటి ఎన్ని బయటపడతాయో చూసి, అవతల ఉన్న మనిషికి గంటకెంత డోసు తగులుతుందో తేలుస్తారు. తుర్కపల్లిలో కొలువు చేసే రోజుల్లో, కోట్ల ఫోటాన్లు వదిలితేగాని నమ్మలేని లెక్కను తొందరపడి వేలతోనే ఆపించాడు ఆమె పైఅధికారి ధర్మేందర్. కట్టిన గోడ దగ్గర డోసు కొలిచే మీటరు ఎక్కువ చూపించేసరికి "లెక్క పద్మలతది" అని అందరి ముందూ వేలు చూపించి చేతులు దులుపుకున్నాడు. మర్నాటి నుంచి కంపెనీ క్యాబ్ ఆమె ఇంటిముందు ఆగలేదు. బౌరంపేట్‌లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఏళ్లు గడిపింది. చివరికి ఇతరుల లెక్కలు సరిచూసే పని దొరికింది.

శామీర్‌పేటలో గౌరయ్య అనే ఆసామి కట్టించబోయే షెడ్డు లెక్క ఆమె చేతికొచ్చింది. చేసింది ధర్మేందర్ పెట్టుకున్న కొత్త కంపెనీ. ఆమెకు ఆ రోజు పండగే.

తప్పు ఇట్టే దొరికింది. కంప్యూటర్ ఒక్కో ఫోటాన్‌కు ఎంత డోసో చెబుతుంది. కోబాల్ట్ పరమాణువు విచ్ఛిన్నమైనప్పుడల్లా రెండు వస్తాయి. రెండుతో గుణించలేదు గనక డోసు సగమే తేలింది, గోడ పలచబడింది. ఫోన్ చేసి అడిగితే, ధర్మేందర్ కంపెనీలో పనిచేసే సహస్ర గొంతు తగ్గించింది.

"నేను గుణించిన మేడం. కంప్యూటరే సూస్కుంటది, తీసెయ్ అన్నరు సార్."

గోడ లేచాక బయటపెడితే ఇంకా మజాగా ఉండేది. కానీ ఆ గోడ పక్కనే ఆడవాళ్లు కూర్చుని డబ్బాలు ప్యాక్ చేస్తారు. పోనీ, తప్పు రాసి పంపిస్తే ధర్మేందర్ వేలు సహస్ర వైపు తిరుగుతుంది. ఆ వేలు ఎలా తిరుగుతుందో పద్మలతకు చెప్పాలా.

గౌరయ్య ఇంట్లో ధర్మేందర్, సహస్రతో సహా అందరూ కూర్చున్నారు. పద్మలత ముఖాన నవ్వు పులుముకుంది.

"గోడ గింత సన్నగ వస్తదనుకోలే. మస్తుగున్నది సార్. ఎవరు జేసిన్రు?"

ధర్మేందర్ ఉబ్బిపోయాడు. "నేనే. ప్రతి అంకె నేనే సూసిన. గీ పిల్లలకేం దెలుసు."

"సహస్ర ఏం జెయ్యలేదా?"

"టైపు జేసింది, గంతే."

"కోబాల్ట్ ఒక్కసారి విరిగితే ఫోటాన్లు ఎన్నొస్తయ్ సార్?"

"రెండు."

"మరి రెండుతోని ఎందుకు గుణించలే? బయట డోసు రెండింతలుంటది గద."

అలవాటు కొద్దీ ధర్మేందర్ చెయ్యి సహస్ర వైపు లేచింది.

"ఆ పిల్లను సూపియ్యకు," అన్నాడు గౌరయ్య. "అంత నేనే జేసిన అంటివి. ఆడ కూసునేటోళ్లు మా ఊరి ఆడోళ్లు. ఇగ నువ్వు పో."

ధర్మేందర్ ల్యాప్‌టాప్ సర్దుకుని లేచాడు. అతను గుమ్మం దాటేదాకా పద్మలత చూపు తిప్పుకోలేదు. జాలి పుడుతుందేమోనని మనసులో వెతుక్కుంది. పుట్టలేదు.