మైకు మోగితే తప్పుకునే పెట్టె

ఈ ఉదయం 11:20కి పాడేరు ఏజెన్సీలోని ఒక కొండ ఊరి ఆరోగ్య కేంద్రంలో నెట్ పోయింది. అప్పుడు నర్సు ఒక నిండు గర్భిణి బీపీ గురించి వీడియోలో డాక్టరుకు చెబుతోంది.

అక్కడి నెట్ పెట్టె ఖాళీగా ఉన్న టీవీ తరంగాలను వాడుకుంటుంది. వాటి మీదికి ఇంకొకరు వస్తే తానే తప్పుకుంటుంది. ఇది గుర్తురాక అరగంట సేపు యాంటెన్నాకు అడ్డమని కొమ్మలు కొట్టించారు. చివరికి పక్కనే ప్రార్థన సభలో అవే తరంగాల మీద మోగుతున్న కార్డ్‌లెస్ మైకు మీద నర్సుకు అనుమానం వచ్చి, మైకతని దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నీ మైకు బేగి ఆపు. అది మోగితే మా పెట్టె మూగబోతంది."

"ఏటి సిస్టరూ, గాలికి కూడా వాటాలేటి? ఇయాళకి తీగ మైకు పెడతాను. రేపు పాస్టరుగారు తిరుగుతా సెప్తారు మరి, తీగ కుదర్దు," అన్నాడు మైకతను.

నెట్ వచ్చింది. డాక్టరు చెప్పగానే గర్భిణిని పాడేరు జీపెక్కించారు. ఆమె ఎలా ఉందో సాయంత్రం దాకా కబురు లేదు.

పెట్టెకు తప్పుకోవడం నేర్పారు, ఎవరి పని ముందో నేర్పలేదు. మీరైతే ఎవర్ని ఆగమంటారు? రేపు కేంద్రంలో గర్భిణులకు పరీక్షలు పదింటికి. సభ కూడా పదింటికే.