గోడలు లేని జైల్లో మా పెద్దాయన

మా పెద్దాయన పోయాడని నిన్న కార్డు వచ్చింది. నాయుడుపేట అవతల వాళ్ళ ఊర్లో వేసిన కార్డు బుచ్చిరెడ్డిపాలెం చేరడానికి పదమూడు రోజులు పట్టింది. అప్పటికి కర్మంతరం కూడా అయిపోయింది. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆయనే ఉంటే తపాలా వాళ్ళను నాకంటే బాగా తిట్టేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. జైల్లో పరిచయం. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో, కాలవ నీళ్ళ కోసం జరిగిన కొట్లాటలో ఒక మనిషి చనిపోయాడు. ఆ లేచిన కర్రల్లో నాదీ ఒకటి. శిక్షలో సగం పెద్ద జైల్లో గడిచాక, నడవడిక బాగుందని నన్ను సముద్రం పక్కనున్న తోట జైలుకు పంపారు. అక్కడ గోడలు లేవు. నడుమెత్తు ముళ్ళకంచె, ఇసుకలో నాలుగు తాటాకు పాకలు, సరుగుడు మొక్కలు. ఆ మొక్కలకు కడవలతో నీళ్ళు మోయడం మా పని.

అదృష్టవంతుడివన్నారు అందరూ. ఆ అదృష్టం ఎలాంటిదో ఉన్నవాళ్ళకే తెలుసు. అన్నంలో ఇసుక, దుప్పట్లో ఇసుక. ఇసుకలో తవ్విన దొరువులో తోడిన నీళ్ళు ఉప్పన. పోసుకుంటే ఒళ్ళంతా జిగట. సముద్రం హోరు రోజంతా వినబడేది, వెళ్ళి చూడకూడదు. రోజుకు నాలుగుసార్లు తలల లెక్క. లెక్కకు నిలబడేటప్పుడు చెప్పులు పాకలోనే విడవాలి. మిట్టమధ్యాహ్నం ఆ ఇసుకలో వట్టి కాళ్ళతో నిలబడితే తెలుస్తుంది అదృష్టం.

పెద్దాయన కూడా మాలాంటి ఖైదీయే, మా పాకకు పెద్ద. ఏం చేసి వచ్చాడో చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున లేస్తూనే సణుగుడు మొదలయ్యేది. ఆయనకు రాయడం రాదు. చెప్పుల గురించి వారం వారం నాచేత సూపరింటెండెంటుకు అర్జీ రాయించేవాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. నేను విసుక్కుంటే, "మళ్ళా రాయి. గమ్మునుంటే మనకు కాళ్ళు కాలడం లేదనుకుంటారు" అనేవాడు.

ఒక ఆదివారం నా భార్య మూడేళ్ళ బిడ్డను చంకనేసుకుని నన్ను చూడటానికి వచ్చింది. దారిలో బస్సు చెడిపోతే ఇసుకలో నడిచి వచ్చిందట. గేటు దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది.

"టైమైపోయింది. వచ్చే నెల రమ్మను" అన్నాడు వార్డరు.

బతిమాలాను. రిజిస్టరు మూసేశానన్నాడు. కంచెకు అవతల ఆమె కనబడుతూనే ఉంది. బిడ్డ ఏడుస్తోంది. నేను కంచె తీగ మీద చెయ్యి వేశాను. పెద్దాయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికిరా? ఒక్క అడుగు బయట పెడితే మళ్ళా గోడల్లోకి తోస్తారు. ఇంకో రెండేళ్ళు ఆ బిడ్డ నీ కోసరం ఎదురు చూడాల."

"చెయ్యి వదలన్నా."

"వదల్ను."

రోజూ సాయంత్రం రోడ్డు పక్క ఊరబావి నుంచి తాగే నీళ్ళు తేవడానికి ఒక తోపుడుబండి ఉండేది. నమ్మకస్తుడని పెద్దాయన్నొక్కడినే దానితో బయటికి పంపేవాళ్ళు. ఆయన నన్ను ఈడ్చుకెళ్ళి ఆ బండి పిడి నా చేతిలో పెట్టాడు. గేటు దగ్గరికెళ్ళి, "నాకు నడుం పట్టేసినాది. వీడు పోతాడు. ఆపితే ఈ రాత్రికి నువ్వు కూడా ఉప్పునీళ్ళే తాగాల" అని వార్డరు మీద అరిచాడు. వార్డరు గొణుక్కుంటూ గేటు తీశాడు.

బావి దాకా మైలు దూరం కూడా లేదు. నా భార్య బండి పక్కనే నడిచింది. బిడ్డను బండి మీద నీళ్ళ పీపా పక్కన కూర్చోబెట్టాం.

"చిక్కిపోయినావు" అంది.

"బాగానే ఉండా."

అంతకంటే ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. లెక్క వేళకు తిరిగొచ్చేశాను.

మర్నాడు సంగతి పైకి తెలిసింది. పెద్దాయన పెద్దరికం తీసేశారు. మంచి నడవడికకని శిక్షలో తగ్గించిన రోజుల్లోంచి పది రోజులు కోసేశారు. తప్పు నాదేనని చెప్పేస్తానన్నాను. "నోరు ముయ్. ఇద్దరం పోగొట్టుకుంటే ఎవురికి లాభం?" అన్నాడు. ఆ తర్వాత మాతోపాటే కడవలు మోశాడు. కూడు మీద, ఎండ మీద, వార్డర్ల మీద సణిగాడు. ఆ పది రోజుల గురించి మాత్రం ఒక్కసారీ సణగలేదు.

విడుదలయ్యాక చాలా ఏళ్ళకు, పోయినేడు వాళ్ళ ఊరు వెళ్ళాను. మాటల్లో ఆయన కొడుకు చెప్పాడు: ఆ పది రోజుల వల్లే పెద్దాయన తన కూతురి పెళ్ళికి అందలేదని. పెద్దాయన వైపు తిరిగాను.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

ఆయన చిరాకు పడ్డాడు. "పెళ్ళిలో నేను చేసేది ఏముండాది? వంటోళ్ళను తిట్టేదే గదా!"

సాయంత్రం రోడ్డు దాకా సాగనంపాడు. కిక్కిరిసిన బస్సు ఆగకుండా పోబోతే ఎదురెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు. "మనుషుల్ని ఎక్కించుకునేదానికి కాదా బస్సు?" అని కండక్టరును తిడుతూ నన్ను లోపలికి తోశాడు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. లేచిన దుమ్ములో, తలకు తువ్వాలు చుట్టుకుని, నడిరోడ్డు మీదే నిలబడి ఇంకా చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు. ఇంజను మోతలో నాకు వినబడలేదు.