పోశం కూత ఎందుకు ఆగింది

1964లో నేను మందమర్రి దగ్గర ఒక బొగ్గు గని కార్మికుల క్లబ్బులో ఆటల మాస్టర్‌ని. పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు ఒళ్ళు కడుక్కుని సాయంత్రం కబడ్డీ ఆడటానికి వచ్చేవారు. ఆటగాళ్ళ మనసును సరిచేయడానికి వేరే కోచ్‌లు ఉంటారని ఇప్పుడు వింటున్నాను. అప్పట్లో ఆ పని కూడా మెడలో ఈల వేసుకున్నవాడిదే. దానికి అందరం వాడే మందు ఒక్కటే, తిట్టడం.

పోశం మా జట్టులో మొనగాడు. కబడ్డీలో కూత అంటే ఒకే ఊపిరిలో పలుకుతూ అవతలి జట్టు మీదికి వెళ్ళడం. పట్టుబడ్డా కూత ఆపకుండా నడిమి గీతను తాకితే పట్టుకున్నవాళ్ళంతా ఔటు. కూత ఆగితే వెళ్ళినవాడే ఔటు. ఆ ఏడు ఎండాకాలంలో గనిలో పైకప్పు కూలి పోశం రాళ్ళ కింద చిక్కుకున్నాడు. తోటివాళ్ళు తవ్వి తీశారు. ఎముకలు అతికాక మళ్ళీ గనిలోకి దిగాడు, మళ్ళీ ఆటకూ వచ్చాడు. కానీ మీద నలుగురు పడగానే కూత టక్కున ఆగిపోయేది. నోరు మూసుకుని కదలకుండా పడి ఉండేవాడు.

చూసేవాళ్ళలో నవ్వులు మొదలయ్యాయి. క్లబ్బు వ్యవహారాలు చూసే వెల్ఫేర్ ఆఫీసరు కోస్తావాడు, నన్ను పిలిపించాడు.

"వాడికి భయం పట్టుకుంది మాస్టారూ. కాగజ్‌నగర్‌తో ఆటకు వాణ్ణి తీసెయ్యండి."

"దినాం గదే గనిల దిగెటోడు పిరికోడెట్లయితడు సార్?" అన్నాను. ఆయనకు నచ్చలేదు. నచ్చాలని నేనూ అనలేదు. ఓడితే జవాబు మీరే చెప్పుకోవాలన్నాడు. చెప్పుకుంటానన్నాను.

మర్నాడు సాయంత్రం సాధన మొదలవకముందే పోశాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"మీద పడంగనే ఏమైతది నీకు?"

"ఏం గాదు సార్. నోరు దానంతటదే మూతవడ్తది. అందరు నవ్వుతున్నరు. గీ ఆటనే ఇడిచిపెడ్త."

"రాళ్ళ కింద ఉన్నప్పుడు ఏం జేసినవ్?"

"మా సర్దార్ మొదటి దినమే చెప్పిండు. రాయి మీద వడితే అరవొద్దు, మెదలొద్దు, దమ్ము దాసుకోవాలె, మనోళ్ళు వచ్చి తీస్తరని. గట్లనే పండుకున్న. బతికిన."

సర్దార్ అంటే గనిలో కూలీల భద్రత చూసేవాడు. పోశం మాటకు నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఏ క్రమశిక్షణ ఈ మనిషి ప్రాణం కాపాడిందో దాన్నే మేమంతా భయమని వెక్కిరిస్తున్నాం. అతని ఒళ్ళు నేర్చిన పాఠాన్ని చక్కగా అప్పజెపుతోంది, చోటే తప్పు.

"రాయికి పేరున్నదా?" అని అడిగాను.

"రాయికేం పేరుంటది సార్?"

"నీ మీద పడెటోళ్ళకు?"

పోశం నవ్వాడు. "ఎందుకుండది? రాజలింగు, ఓదెలు..."

"గా పేర్లే పట్టు. కాలు పట్టిందెవడు, నడుము పట్టిందెవడు, మనసుల అనుకో. కూత మాత్రం ఆపకు."

మొదట్లో పేర్లు పట్టేవాడు, కూత మరిచేవాడు. ఒక్కణ్ణే మీద పడమన్నాను, తర్వాత ఇద్దరిని, ఆ తర్వాత ముగ్గురిని. మెల్లగా కూత నిలబడింది. అప్పుడు పోశానికి ఇంకో అనుమానం వచ్చింది.

"కాగజ్‌నగరోళ్ళ పేర్లు నాకెర్కలేదు గద సార్."

"పేరు తెల్వకుంటె చెయ్యిని చూడు. రాయికి చెమట వట్టది."

ఆటనాడు ఆఫీసరు ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. పోశం కూతకు వెళ్ళగానే ఐదుగురు మీద పడ్డారు. కొంతసేపు నాకేమీ వినిపించలేదు. ఈ మనిషి పరువు నేనే తీశానేమో అనుకున్నాను. అంతలో ఆ మనుషుల కుప్ప అడుగునుంచి బొంగురుగా, సన్నగా కబడ్డీ, కబడ్డీ అంటూ వచ్చింది. వెనకే ఒక చెయ్యి పాకుతూ వచ్చి గీతను తాకింది.

ఆట అయ్యాక ఆఫీసరు నా భుజం తట్టాడు. "మొత్తానికి వాడి భయం పోగొట్టారు మాస్టారూ."

నేను నోరు తెరవకముందే పోశం మట్టి దులుపుకుంటూ అందుకున్నాడు. "భయం గాదు సార్, గది మా పని. ఒక్కపారి గనిల కిందికి రాండ్రి, సర్దార్ మీకు గూడ నేర్పుతడు."

ఆ తర్వాత పరీక్ష హాల్లో చెయ్యి బిగుసుకుపోయే పిల్లలు, నలుగురిలో మాట పెగలని పెద్దవాళ్ళు ఎందరో నా దగ్గరికి వచ్చారు. ఏ ఒక్కరినీ భయపడకు అనలేదు. ఆ బిగుసుకోవడం ఎప్పుడు, ఎక్కడ నిన్ను కాపాడిందని అడిగాను. దానికి దండం పెట్టాకే, ఇక్కడ నీ అవసరం లేదని చెప్పమన్నాను. మనిషిని చూసీ చూడగానే పిరికివాడని ముద్ర వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు అడ్డం పడటానికి నేనూ ఉన్నాను.