ఇంజనుకు అభిషేకం ఆపించిన రోజు

ఒక లారీని, బుట్టల కొద్దీ చేపల్ని, నా పరువును ఒకే పొద్దున ముంచిన చరిత్ర నాది. తుఫాను కూడా ఇంత తక్కువ సమయంలో ఇంత పని చెయ్యదు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. కోటబొమ్మాళి చుట్టుపక్కల మూఢనమ్మకాల మీద ఎక్కడ సభ జరిగినా మైకు నాదే. ఎవరైనా దిష్టి తీస్తూ కనబడితే నాకు కోతికి కొబ్బరికాయ దొరికినంత సంబరం.

కళింగపట్నంలో మా బావకు ఒక ముసలి లారీ ఉండేది. ముందురోజే దానికి డీజిల్ ఫిల్టర్ మార్పించి, తను పనిమీద ఊరెళ్లాడు. "డ్రైవరు సింహాచలం మావ అంతా చూసుకుంటాడు, నువ్వు ఊరికే పక్కన నిలబడు" అని ఫోన్లో చెప్పాడు. ఊరికే నిలబడడం నా జాతకంలో లేదు. (జాతకాలు నమ్మను. మాటవరసకన్నాను.)

లారీ నిండా ఆ ఊళ్లో చేపల వ్యాపారం చేసే నీలమ్మత్త సరుకు. ఐసు కరగకముందే శ్రీకాకుళం మార్కెట్టుకు చేరాలి. "ఆలీసమైతే కొనేవోళ్లు ఎల్లిపోతారు, బేగి కదపండర్రా!" అని ఆమె కేకలు.

సింహాచలం మావ ముందు బంపరుకు నిమ్మకాయ కట్టాడు. పళ్లు నూరుకున్నాను. తర్వాత ఇంజను దగ్గర వంగి, ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, పక్కనున్న చిన్న చేతి పంపును నొక్కసాగాడు. ఒక్కో నొక్కుకు ఒక్కో "తల్లీ పైడితల్లీ!" బోల్టు పక్కనుంచి నురగలు కక్కుతూ డీజిల్ కారుతోంది.

నిమ్మకాయ చాలదని ఇంజనుకు అభిషేకమా! అదీ డీజిల్‌తో!

"ఆపు మావా!"

"ఇది పూజ కాదల్లుడూ, సెప్తానుండు..."

"పూజ కాకపోతే అమ్మవారి పేరెందుకు?"

"పేరు నోటికొస్తాది. సేతి పని సేతిది."

"నోరూ చెయ్యీ రెండూ ఆపు!"

నిమ్మకాయ పీకి పారేశాను. ఆ పనికి నేటికీ చింతించను. నా తప్పు తర్వాతది. పానా లాక్కుని బోల్టు నేనే బిగించాను. చుట్టూ చేరిన బెస్తవాళ్లకు పది నిమిషాలు విజ్ఞానబోధ చేసి, కీ తిప్పాను.

లారీ గొంతు సవరించుకుంది. మాట్లాడలేదు. మళ్లీ తిప్పాను. మళ్లీ, మళ్లీ. గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసే భక్తుడైనా అంత గుడ్డిగా తిరిగి ఉండడు.

"ఏటిరా బాబూ, బండేటంతంది?" అంది నీలమ్మత్త.

"ఇంకొక్కసారి, అత్తా."

"ఇందాకటి నుంచీ ఒక్కసారే గదేటి! కింద సూడు, నీళ్లు కారిపోతన్నాయి. నీ ఉపన్యాసమేదో ఐసుకి సెప్పు, కరగొద్దని!"

అంతలో బ్యాటరీ 'టిక్' మని ప్రాణం విడిచింది. తువ్వాలు పరుచుకుని కూర్చున్న సింహాచలం మావ దగ్గరకు వెళ్లాను.

"మావా, ఇందాక అసలేం చేస్తున్నావు?"

"ఇప్పుడడిగినావా! ఫిల్టర్ మారిస్తే గొట్టాల్లో గాలి దూరిపోతాది. గాలుంటే ఇంజనుకి డీజిల్ అందదు. బోల్టు వదిలి పంపు కొడితే బుడగలన్నీ పోతాయి. ఒట్టి డీజిల్ వచ్చినాక బిగించాల. నువ్వు బుడగలుండగానే బిగించేసినావు."

"ముందే చెప్పొద్దూ?"

"నువ్వు ఊపిరి తీసుకుంటే గదా నాకు సందు!"

"మరి అమ్మవారి పేరు?"

"సెయ్యి లయ తప్పకుండా. సభలో నువ్వు మాటమాటకీ బల్ల గుద్దుతావు, ఆ బల్లేటి పాపం సేసినాది?"

ఆ తర్వాత పంపు నాచేతే కొట్టించాడు. బుడగలు పోయాయి. పదిమంది తోస్తే లారీ దగ్గి, లేచి, పరుగెత్తింది. మేం చేరేసరికి మార్కెట్టులో ఈగలు తప్ప కొనేవాళ్లు లేరు. చేపలన్నీ వెనక్కొచ్చాయి. నీలమ్మత్త వాటికి ఉప్పు పట్టించి ఇసుకమీద ఎండబెట్టి, నా చేతికో కర్ర ఇచ్చింది. "ఎండిందాకా కాకుల్ని తోలు. నీ సదువుకి ఈ పాటి పని వస్తాదా?"

మూడు రోజులు తోలాను. చొక్కా లేకుండా, సముద్రం ఒడ్డున, చుట్టూ కాకులతో. మూడోనాడు అటుగా పోతున్న ముసలాయన ఆగి, జాలిగా అడిగాడు:

"పిండం పెడతన్నావా, బాబూ? పోయినోళ్లెవరు?"

"నా తెలివి, తాతా" అన్నాను.

కనుక, ఒట్లు నమ్మని నేను ఒట్టేసి చెబుతున్నాను: ఇకపై దేన్నయినా మూఢనమ్మకమనే ముందు, "ఎందుకు చేస్తున్నావు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. హేతువాదికి ఇదే మొదటి పాఠమట. నాకెవరూ చెప్పలేదు. చెప్పబోయినవాళ్లందరి నోరూ నేనే మూయించాను.