బడిగోడలో రాతి గొలుసు

నా చిన్నప్పుడు నేను ఒక్క మనిషిని చూసే సిగ్గుపడేదాన్ని. ఆయన మా అమ్మకు నాన్న, నాకు తాత.

కుప్పంలో మాది రాళ్లు కొట్టేవాళ్ల వీధి. నాకు ఊహ తెలిసేసరికే తాత రాతిపని మానేశాడు. చేతులు వణికేవి. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా సగం పంచె మీద పడేది. చేతిలో పని పోయినా నోట్లో మాట మాత్రం పోలేదు. నేను చదివే బడి తానే కట్టానని, దాని వెనక గోడలో ఒక రాతి గొలుసు పెట్టి మూసేశానని టీ అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. అతుకు లేని గొలుసట. ఒకే రాతిలోంచి తొలిచిన తొమ్మిది కడియాలు, ఒకదాంట్లో ఒకటి దూరి, ఎత్తితే కదులుతాయట. వినేవాళ్లు తల ఊపి, ఆయన వెళ్లాక నవ్వుకునేవాళ్లు. మా క్లాసు పిల్లలకు అంత ఓపిక కూడా లేదు. ఎదురుగానే "కోతల తాత" అనేవాళ్లు. "మీ తాత రాయిని తాడు మాదిరి పేనినాడంట గదా!" అని నన్ను ఏడిపించేవాళ్లు. ఒకరోజు నేను ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దని తాతను కోప్పడ్డాను. ఆ సాయంత్రం ఆయన టీ అంగడికి పోలేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా పెద్ద వానలకు బడి వెనక గోడ బీటలు వారింది. కిటికీ పైనుంచి కప్పు దాకా నా చెయ్యి దూరేంత సందు ఏర్పడింది. బాగుచేయడానికి మదనపల్లె నుంచి మేస్త్రి, నలుగురు కూలీలు వచ్చారు. మూడో రోజు ఇంటర్వెల్లుకు బయటికొచ్చి చూస్తే, గోడ దగ్గర మా తాత నిలబడి ఉన్నాడు.

గోడ విప్పిన సంగతి విని వచ్చాడు. మేస్త్రితో ఎంత నెమ్మదిగా మాట్లాడినా, చుట్టూ చేరిన పిల్లల గోలలో ఆయన గొంతు పెంచక తప్పలేదు.

"కిటికీకి ఎడమపక్క, నేల నుంచి మూడో వరసలో ఒక మూత రాయి ఉండాదప్పా. దాని మింద బరువు లేదు. తీసి సూడు, లోపల నా గొలుసు ఉండాది."

మేస్త్రి విసుక్కున్నాడు. "బీటలేమో పైన ఉంటే, కింద రాయి యాల పీకాల పెద్దాయనా? మాకు పని ఉండాది, పో."

పిల్లలు పగలబడి నవ్వారు. నేను స్తంభం వెనక్కి జరిగి, ఆయన నన్ను చూడకుండా ఉంటే చాలునని మొక్కుకున్నాను. అంతలో గోల విని మా పెద్ద టీచరమ్మ వచ్చింది. ఆమె నవ్వితే మేమంతా భయపడేవాళ్లం, అంత అరుదుగా నవ్వేది. తాత చెప్పినదంతా మొదటి నుంచి చివరి దాకా విన్నది. ఆయన మధ్యలో తడబడితే ఆగింది. ఆయన చెప్పడం పూర్తి చేశాక, నమ్మాననలేదు, నమ్మలేదనీ అనలేదు.

"ఒక రాయి తీసేదానికి ఎంతసేపు మేస్త్రీ? ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. పదండి, చూద్దాం."

తాత మూడో వరస చూపించాడు. ఆ రాయి మొరాయించింది. ఇద్దరు కూలీలు గడ్డపారలు పెట్టి, చెమటలు కక్కి, చివరికి దాన్ని బయటికి లాగారు. వెనక అంతా గట్టి గార. సూది దూరే సందు లేదు.

ఆ తర్వాత లేచిన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తాత ఆ గార మీద వణికే చెయ్యి పెట్టి, "ఈడనే పెట్టినా… ఈడనే గదా పెట్టినా…" అంటున్నాడు. ఎవరితోనూ కాదు, గోడతోనే అంటున్నాడు. ఆయన ముఖంలో నేను అంతకు ముందెప్పుడూ చూడనిది ఒకటి చూశాను. తన జ్ఞాపకాన్ని తనే అనుమానిస్తున్నాడు. నాకు ఆ క్షణంలో సిగ్గు ఎటు పోయిందో తెలియదు. ఎలాగైనా ఆ గొలుసు ఉండాలని, ఉండి తీరాలని ఒళ్లంతా కోరుకున్నాను. స్తంభం వదిలేసి ఆయన పక్కకు పోయి నిలబడ్డాను. ఆయన చూపు ఎటు తిరుగుతోందో నేనూ అటే చూశాను. గోడ, కిటికీ, వెనక వాకిలి, వాకిలి ముందు మెట్లు.

మెట్లు! నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు ఆ వాకిలికి మూడు మెట్లు ఉండేవి. వానకు పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని ఆ తర్వాత బండ్లతో మట్టి తోలించారు. అడుగు మెట్టు మట్టిలో పూడిపోయింది. తాతకు ఆ సంగతి తెలియదు. బడి కట్టినాక ఆయన ఆ పెరట్లో అడుగు పెట్టింది ఆ రోజే.

"తాతా, నేల పైకొచ్చింది!" అని అరిచాను. "మెట్టు పూడిపోయినట్టే ఒక వరసా పూడిపోయింది. నీ మూడో వరస ఇబుడు రెండోది!"

నవ్వు ఆగిపోయింది. టీచరమ్మ మెట్ల వైపు చూసి, మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి ఈసారి కూలీలను పిలవలేదు. తానే వంగి, కింది రాయి అంచున గడ్డపార ఆనించాడు. రాయి ఇట్టే కదిలింది. గోడలో రాయిలా కాదు, పెట్టె మూతలా కదిలింది. దాని వెనక చీకటి. మేస్త్రి మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాసేపు తడిమాడు. తర్వాత మెల్లగా ఒక మూటను బయటికి తీశాడు.

చుట్టిన గోనెపట్ట ముట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది. మేస్త్రి పిడికిట్లోంచి ఒక కడియం జారి వేలాడింది. దాన్నుంచి ఇంకొకటి, దాన్నుంచి మరొకటి. బూడిదరంగు రాతి కడియాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. రాయి అంత తేలిగ్గా మోగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తొమ్మిది. పిల్లలందరం గట్టిగా లెక్కపెట్టాం.

మాకు అది వింత మాత్రమే. అదేమిటో అసలు అర్థమైంది మేస్త్రికి. ఆయనా రాతిపనివాడే. ఒక్కో కడియాన్నీ తిప్పి తిప్పి, ఎక్కడైనా అతుకు దొరుకుతుందేమోనని గోటితో వెతికాడు. దొరకలేదు. ఒక్క ఉలిదెబ్బ తప్పితే మొత్తం పని మట్టిపాలయ్యేది. తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని అడిగాడు. "ఎన్నాళ్లు పట్టింది సామీ?"

"పని చేసినన్నాళ్లూ. మధ్యాన్నం అన్నం తిని అందురూ పడుకుంటారు గదా, అబుడు చేస్తా వచ్చినా."

"ఇంత పని చేసి గోడలో యాల పెట్టినారు?" అని టీచరమ్మ అడిగింది.

తాత ముందు వరండా వైపు చెయ్యి చూపించాడు. అక్కడ బడి కట్టించిన పెద్దల పేర్లు చెక్కిన రాయి ఉండేది. "పేర్ల రాయి నిలబెట్టిన దినం మా పేర్లు ఎవురూ అడగలేదమ్మా. అడిగినా నాకు రాసేది రాదు. వచ్చింది ఇదొకటే. ఇది పెట్టి పోయినా."

మేస్త్రి ఆ గొలుసును రెండు చేతులతో ఎత్తి మా తాత మెడలో వేశాడు. దాని బరువుకు తాత కొంచెం ముందుకు వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. పిల్లలు వేసిన కేకలకు బజారులో జనం ఆగిపోయారట. టీచరమ్మ ఆ పూటకు బడికి సెలవిచ్చేసింది. ముందు తాత, ఆయన చెయ్యి పట్టుకుని నేను, వెనక మేస్త్రి, కూలీలు, బడి పిల్లలంతా టీ అంగడి మీదుగా మా ఇంటికి నడిచాం. అంగడి ముందు తాత కావాలనే ఆగాడు. లోపల కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కోతల తాత అని పేరు పెట్టిన పిల్లవాడే అందరికంటే గట్టిగా ఈలలు వేశాడు.

గోడ పని అయ్యేవరకు మేస్త్రి రోజూ మనిషిని పంపి తాతను పిలిపించుకున్నాడు. ఏ రాయి ముందు విప్పాలో, ఏది ముట్టుకోకూడదో తాత కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. చివరి రోజున ముందు వరండాలో, పెద్దల పేర్ల రాయి పక్కనే ఒక గూడు కట్టి గొలుసును అందులో వేలాడదీశారు. కింద తాత పేరు చెక్కించింది టీచరమ్మ. అక్షరం అక్షరం వేలితో చూపిస్తూ ఆయనకు చదివి వినిపించింది నేను.

తర్వాత నేనూ టీచరునయ్యాను. సోమలలో, పుంగనూరులో, చివరికి మదనపల్లెలో పనిచేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో ఏ బిడ్డనూ "అబద్ధం చెప్తున్నావు" అనలేదు. లేచి, చెప్పులు వేసుకుని, పద చూద్దాం అన్నాను. సోమలలో ఒక పాప, బస్సులోకి నెమలి వచ్చిందని, అందుకే ఆలస్యమైందని చెప్పింది. క్లాసంతా నవ్వింది. నేను ఆ పాపను తీసుకుని బస్టాండుకు బయల్దేరాను. సగం దారిలో ఆమె నా కొంగు పట్టుకుని ఆగిపోయి, వాళ్లమ్మకు మూడు రోజులుగా జ్వరమని, వంట తానే చేసి వస్తున్నానని చెప్పింది.

నెమలి లేదు. కానీ నేను లేచి బయల్దేరకపోతే ఆ జ్వరం సంగతి నాకు తెలిసేదే కాదు. ఇద్దరం అట్నుంచి అటే వాళ్లింటికి వెళ్లాం.