కరెంటు పోయాక వెలిగిన ఎర్రలైటు

దెయ్యాల గొంతులు ఎక్కడ తయారవుతాయో తెలిసినవాడికి దెయ్యాలంటే భయం ఉండదు. ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోకి నేను మేనేజర్‌ని. పద్నాలుగేళ్లుగా అదే పని. శ్మశానంలో ఏడ్చే ఆడమనిషి గొంతు మా దగ్గర మిట్టమధ్యాహ్నం రికార్డవుతుంది. ఏడుపు అయిపోగానే ఆవిడ బయటికొచ్చి సమోసా తింటుంది. అందుకే ఎవరైనా ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందట అంటే పగలబడి నవ్వేవాణ్ణి. ఇప్పుడు నా మాట విని మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

నిజానికి ఇది చెప్పడానికి భయం లేదు. సిగ్గే ఉంది.

మా స్టూడియో సెల్లార్‌లో ఉంటుంది. రికార్డింగ్ గదికి శబ్దం దాటని మందపాటి తలుపు, దానికి మొహమంత అద్దం, పైన ఎర్రలైటు. ఆ లైటు వెలుగుతుంటే లోపల టేక్ నడుస్తోందని అర్థం. అప్పుడు నిర్మాత వచ్చినా సరే తలుపు ముట్టుకోకూడదు. కొత్తగా చేరినవాళ్లకి నేను మొదటిరోజు చెప్పేది అదే. ఒకసారి లైటు చూడకుండా తలుపు తీసినందుకు ఒక హీరోగారి మేనల్లుణ్ణి అందరి ముందూ దులిపేశాను. ఆ ముచ్చట చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం విజయమేరీ గారు డబ్బింగ్‌కి వచ్చారు. యాభై దాటిన మనిషి. ఎర్రగడ్డలో ఉంటారు. తల్లి పాత్రలకి గొంతు ఇస్తారు. ఆవిడకి ఆస్తమా ఉందని నాకు తెలుసు. ఆ గది తలుపుకి లోపలివైపు పిడి వదులైపోయిందని, ఒక్కోసారి ఎంత తిప్పినా పట్టదని ఆవిడే నాకు రెండుసార్లు చెప్పారు. "చూద్దాం మేడమ్" అన్నాను. మనవాళ్లు చూద్దాం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మూడుంబావుకి ఎక్కడో ఢామ్మని పేలింది. కరెంటు పోయింది. షేక్‌పేట వైపున్న సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుందని వీధిలో ఎవరో అరిచారు. మామూలుగా పది సెకన్లలో మా జనరేటర్ అందుకోవాలి. అందుకోలేదు. దాని బ్యాటరీ నీరసించిందని కూడా నాకు ముందే తెలుసు. చుట్టుపక్కల ఎడిటింగ్ రూములు, గ్రాఫిక్స్ ఆఫీసులు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కోట్లు తప్ప లక్షల మాట వినపడని పేట మాది. అలాంటి చోట ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఫ్యాను రెక్క కూడా తిరగదు.

మేమంతా బడికి సెలవు దొరికిన పిల్లల్లా టెర్రస్ ఎక్కాం. గుట్ట అవతల నుంచి నల్లటి పొగ లేస్తోంది. ఫోన్‌తో వీడియో తీశాను. అది ఇంకా నా దగ్గరే ఉంది. టైము మూడు ఇరవై అని చూపిస్తోంది. "పైసా ఖర్చు లేకుండా క్లైమాక్స్ షాట్ దొరికిందిరోయ్" అని అందులో నా గొంతు, దాని వెనకే నా నవ్వు. వెంటనే స్టేటస్‌లో పెట్టాను.

మూడున్నరకి విజయమేరీ గారు గుర్తొచ్చి కిందికి దిగాను. స్టేటస్‌కి ఎవరో పెట్టిన జోకు తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూనే దిగాను. ఫోను జేబులో ఉంది. సెల్లార్ నడవా చీకటిగా ఉంది. చివర, తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది.

తలుపు ముందు నిలబడి అద్దంలోంచి చూశాను. లోపల చీకటి, అద్దంలో నా నీడ తప్ప ఏమీ కనిపించలేదు. డబ్బింగ్ గది ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. రికార్డింగ్ యంత్రాలకి యూపీఎస్ ఉంది కదా, టేక్ సాగుతోంది కాబోలు అనుకున్నాను. ఊరంతా కరెంటు లేదు, ఈ లైటు ఎలా వెలుగుతోంది అన్న ప్రశ్న నా బుర్రకి తట్టనే లేదు. తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. మళ్లీ పైకెళ్లి పొగ చూస్తూ కూర్చున్నాను.

సౌండ్ ఇంజనీర్ రఘు లోపల లేడని నాకు తెలియదు. డైలాగులు చదువుకుంటూ ఉండమని ఆవిడతో చెప్పి, కరెంటు పోకముందే టీకి వెళ్లాడు. ఫైరింజన్ల కోసం రోడ్డు ఆపేయడంతో నాలుగింటికి గానీ తిరిగి రాలేకపోయాడు. అతనే తలుపు తీశాడు. విజయమేరీ గారు నేలమీద బోర్లా పడి, తలుపు కింది అంచుకి నోరు ఆనించి ఉన్నారు. ఫోను, బ్యాగు గదిలోకి తీసుకెళ్లకూడదన్నది నా రూలే. ఆవిడ పీల్చుకునే మందు బయట ఆ బ్యాగులోనే ఉండిపోయింది.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ప్రాణం దక్కింది.

ఆ సాయంత్రం ఓనరు గారు అందరినీ నిలబెట్టి అడిగారు. "ఎర్రలైటు వెలుగుతోంది సార్, అందుకే తీయలేదు" అన్నాను. అప్పుడు మా ఎలక్ట్రీషియన్ యాదగిరి నా వైపు వింతగా చూశాడు.

"ఎర్రలైటు ఎట్ల ఎలుగుతది సార్? గా హోల్డర్ల బల్బే లేదు. మాడిపోయిందని పొద్దుగాల నేనే తీసిన. కొత్తది తెద్దామని యాది మరిచిన."

అందరం టార్చి వేసుకుని వెళ్లి చూశాం. హోల్డర్ ఖాళీగా ఉంది. దాని వైరు కూడా యూపీఎస్‌కి లేదు, మెయిన్ లైనుకే ఉంది. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడని అందరి మొహాల్లోనూ కనిపించింది. అప్పటినుంచి ఆఫీసులో నేను తలెత్తుకోలేదు.

రోజులు గడిచేకొద్దీ నాకే అనుమానం పట్టుకుంది. అసలు నేను కిందికి దిగానా? పైన కబుర్లలో పడి ఆవిణ్ణి మరిచిపోయి, అడిగేసరికి నోటికొచ్చిన అబద్ధం చెప్పి, దాన్నే నమ్మేశానా? లేని బల్బు వెలిగిందనుకోవడం కంటే నేను అబద్ధాలకోరుననుకోవడమే తేలిక. మూడు నెలలకి అదే ఖాయం చేసుకున్నాను.

క్షమాపణ అడుగుదామని ఒక ఆదివారం, ఆవిడ చర్చి నుంచి వచ్చే వేళకి ఎర్రగడ్డ వెళ్లాను. వీధి తలుపు, వంటింటి తలుపు, కిటికీలు అన్నీ బార్లా తీసి ఉన్నాయి. తలుపు మూసిన గదిలో రెండు నిమిషాలు ఉండలేకపోతున్నానని, డబ్బింగ్ మానేశానని ఆవిడ మామూలుగానే చెప్పారు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇల్లు నడిచింది ఆవిడ గొంతు మీదే.

తల వంచుకుని చెప్పేశాను. "ఆ రోజు నేను మిమ్మల్ని చూడటానికి రాలేదండీ. ఎర్రలైటు వెలిగిందని అబద్ధం చెప్పాను."

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"అబద్ధమెందుకండీ? మీరొచ్చారు. అద్దంలోంచి చూశాను కదా. మీ మొహమంతా ఎర్రటి వెలుగు పడుతోంది. దేవుడా, వచ్చేశారు అనుకున్నానండీ. రెండు చేతులతో అద్దం మీద బాదాను, అరిచాను. మీరు నన్నే చూస్తూ నవ్వి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఎందుకు నవ్వారో అడుగుదామని అప్పట్నుంచీ అనుకుంటున్నాను."

జోకు సంగతి చెప్పలేకపోయాను. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆ లైటు వెలిగిందనడానికి ఒక్క సాక్షి దొరికితే చాలని ఎన్నో రాత్రులు అనుకున్నాను. దొరికింది. బల్బు లేని హోల్డర్, కరెంటు లేని తీగ, అయినా ఎలా వెలిగిందో యాదగిరికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆవిడ అడుగుదామనుకున్నది లైటు గురించి కాదు.