చేపని బర్రె, హనుమమ్మ చెయ్యి

కేతేపల్లిలో బర్రె తన్నినా, పాలు ఎగబట్టినా హనుమమ్మను పిలుస్తరు. ఆమె మందియ్యదు, మంత్రం వెయ్యదు. నిమురుతది, మెల్లగ నడిపిస్తది, అంతే. చిన్నప్పుడు ఆసామి కొట్టంల పెండ తీసుకుంట, ఏ బర్రెను ఎక్కడ ముట్టుకుంటే కండ్లు మూస్తదో చూసి తనంతట తానే నేర్చుకున్నది. ఇప్పుడు అరవై దాటినయి. పశువులంటే ఎంత ప్రేమో, వాటిని సాకేటోళ్లంటే అంత రోత.

పోయిన ఎండకాలం ఒక శనివారం పరమేష్ పిలిచిండు. ఆయన బర్రె ఈనిన నాలుగో రోజు దుడ్డె చచ్చింది. అప్పటి నుంచి పొదుగు ముట్టబోతే తన్నుడే. బుధవారం దాకా పాలు చేపకుంటే కోతకు ఇచ్చేస్తనని పశువుల బేరగానికి మాటిచ్చిండు. భార్య నవనీతకు అది ఇష్టం లేదు. ఆ బర్రె ఆమె తల్లిగారు ఇచ్చింది.

హనుమమ్మ కొట్టంల అడుగు పెట్టి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. బర్రె ముందట, దుడ్డె తోలులో గడ్డి కుక్కి నిలబెట్టిన బొమ్మ. దుడ్డె చస్తే తల్లిని మరిపించనీకి ఇట్ల చేసుడు మామూలే. కాని తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టాలె. పరమేష్ తొందరపడి పచ్చిదే కుట్టిండు. కుట్ల నడుమ పురుగులు మెసులుతున్నయి.

"గిదేందిరా?"

"దుడ్డెనే అవ్వా. చూస్తే చేపుతదని."

"పీనుగును ముందట పెట్టి బువ్వ పెడితే నువ్వు తింటవా?"

బర్రె మెడ మీద, పాలు దిగాలని పరమేష్ సూది పొడిచిన కాడ వాచి చీము కారుతాంది. మెలిపెట్టీ మెలిపెట్టీ తోక మొదట్ల పుండైంది. హనుమమ్మ థూ అని ఉమ్మింది.

"ముందు పశువుల దవాఖాన డాక్టర్‌ను పిలువు. ఆ కంపును ఊరవతల బొంద పెట్టు. నేను చెప్పేదాక కొట్టంలకు రాకు."

డాక్టర్ పుండ్లు కడిగి మందేసి పోయిండు. ఆదివారం హనుమమ్మ పొదుగు జోలికి పోలేదు. అరచేత్తో భుజం మీద చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంట నిలబడ్డది. బర్రె వణికితే చెయ్యి తీసింది, తల దించితే మళ్ల పెట్టింది. సోమవారం చెవుల మొదలు, వీపు, తొడలు. తర్వాత తాడు వదులు చేసి వాకిట్ల నడిపించింది. రెండడుగులు, ఆగుడు. మళ్ల రెండడుగులు. గుంజలేదు, అదిలించలేదు. మంగళవారం పొద్దున బర్రె నెమరేసుకుంట ఆమె చేతికి చేపింది.

పరమేష్ దర్వాజ కాడ నుంచి, "ఇగ రోజూ నువ్వే వచ్చి పిండు అవ్వా" అన్నడు.

"నా చేతికి చేపితే నీకేం లాభం? మీ చేతికి చేపాలె. రా, ముట్టు."

తొడకంటిన పెండ చూసి పరమేష్ ఎనక్కి జరిగిండు.

"పురుగుల తోలు కుట్టేటప్పుడు లేని రోత గిప్పుడొచ్చిందా నాయినా?"

నవనీత ముందుకొచ్చింది. హనుమమ్మ ఆమె చెయ్యి మీద తన చెయ్యి వేసి భుజం కాడ మొదలుపెట్టించింది. పొదుగు దాకా రాంగనే బర్రె కాలెత్తింది.

"భయపడకు. మళ్ల భుజానికి పో."

పొద్దు గూకేదాక అదే పని.

బుధవారం బేరగాడు ట్రాలీ ఆటో తెచ్చి వాకిట్ల ఆపిండు. "పరమేషన్నా, తాడు విప్పు" అని కేకేసిండు. పరమేష్ కొట్టం దిక్కు చూసిండు. లోపల నవనీత పిండుతాంది. చెంబు సగానికి వచ్చింది.

"అమ్మేది లేదని చెప్పు" అన్నదామె, చెయ్యి ఆపకుంట.

ఆటో మర్లిపోయింది. అరుగు మీద చాయ్ తాగుతున్న హనుమమ్మ పక్కన పరమేష్ కూసోబోయిండు. ఆమె మొఖం చిట్లించి గ్లాసుతో సహా అవతలికి జరిగింది.

"నువ్వు పొడిచిన పుండు నువ్వే కడుగు పో. వేన్నీళ్లతోని, మెల్లగ. అటెన్క వచ్చి కూసో."